మంచు పడని ఉప్పుబాట

ఆ వీడియోగేమ్ వారపత్రికలో మార్కులు వేసేవాళ్లు నలుగురు. ఒక్కొక్కరు పదికి ఇన్నని వేసి, పక్కన నాలుగు ముక్కలు రాస్తారు. పైన వాళ్ల మొహం బొమ్మ ఉంటుంది. నలుగురివీ కలిపి నలభైకి ఎంతొచ్చిందో చూసుకుని జపాన్‌లోని పిల్లలూ, పిల్లల్లాంటి పెద్దలూ ఆ గేమ్ కొనాలా మానాలా తేల్చుకుంటారు. మినెగిషి చిహారు ఆ నలుగురిలో పాతకాపు. బొమ్మలో ఆవిడ జుట్టు ఇంకా నల్లగానే ఉంది. కొత్త బొమ్మ గీయించే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆగస్టు ఉక్కలో ఆవిడ రోజూలాగే జింబోచో స్టేషన్‌లో దిగి, మెడ తుడుచుకుంటూ ఆఫీసు మెట్లెక్కింది. గ్లాసులో చల్లటి బార్లీ టీ పోసుకుంది. మణికట్టుకి నొప్పి పట్టీ అంటించుకుంది. టీవీ ముందు కూలబడి, అవే మీటలు మళ్లీ నొక్కడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా నొక్కీ నొక్కీ బొటనవేళ్లు కాయలు కాశాయి.

ఒకప్పుడు ఆవిడ చేతిలో మంచి గేమ్ పడితే అందులోని వాతావరణం గదిలోకి వచ్చేసేది. వాన గేమైతే వాన, ఎడారి గేమైతే ఇసుక. ఇసుక పడ్డ ఏడాది జిరాక్స్ మిషను బాగుచేయించడానికి అందరికీ తలప్రాణం తోకకి వచ్చింది. ఆవిడ టీవీ పెట్టిందంటే పక్క బల్లలవాళ్లు కాగితాల మీద ప్లాస్టిక్ కప్పి, గొడుగులు దగ్గర పెట్టుకునేవాళ్లు. కింద నూడుల్స్ కొట్టాయన నెలకోసారి పైకొచ్చి కప్పు కారుతోందని గొణిగి వెళ్లేవాడు. తడిసి పాడవుతుందని ఆ గదిలో కార్పెట్ ఎప్పుడో తీసేశారు.

పోయిన శరదృతువు నుంచి ఏమీ రావడం లేదు. ఎన్ని గేమ్‌లు ఆడినా ఒక చినుకు లేదు, గాలి లేదు. ఎవరూ ఆవిణ్ని ఏమీ అడగలేదు. కొత్త ఏడాది సెలవుల తర్వాత వచ్చేసరికి మాత్రం ఎవరో కార్పెట్ తిరిగి పరిచేశారు. ఆవిడకి అది చెంపదెబ్బలా తగిలింది.

ఇవాళ ఆడుతున్నది 'ఉప్పుబాట' ఐదో భాగం. ఒసాయో అనే పిల్ల సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు మూట వీపున వేసుకుని కొండల మీది ఊళ్లకి నడిచే కథ అది. మొదటి భాగానికి ఈ గదిలో మోకాలిలోతు మంచు పడింది. ప్రకటనలు చూసే ఆయన జలుబు చేసి వారం రోజులు సెలవు పెట్టాడు. ఆ గేమంటే దేశమంతా ప్రాణం పెట్టింది. మూట బరువుకి పిల్ల వంగిపోయేది. వానొస్తే ఉప్పు కరిగిపోయేది కాబట్టి చూరు కనిపించేదాకా పరుగులు తీయాల్సి వచ్చేది. ఊళ్లో ముసలమ్మలు గీచి గీచి బేరమాడేవాళ్లు.

ఈ ఐదో భాగంలో ఉప్పు తడవదు. మూట ఎంత పెద్దదైనా పిల్ల నిటారుగా నడుస్తుంది. ప్రతి మలుపులోనూ ఎర్రబాణం ఒకటి, ఇటు పో అని. ముసలమ్మలు బేరం మానేసి దారిలో పడున్న చిరుగంటలు ఏరుకు రమ్మంటారు. మంచు మాత్రం ఇదివరకెన్నడూ లేనంత అందంగా కురుస్తుంది. కానీ దాంట్లో అడుగు పడినా ముద్ర పడదు.

గేమ్ బాగాలేదా, నేనే ఎండిపోయానా? ఆ ప్రశ్న పొద్దుటినుంచీ మినెగిషిని తినేస్తోంది. బాగున్న గేమ్‌లు కూడా ఈ ఏడాది తనకి చప్పగానే ఉన్నాయి. తన నాలుక చచ్చిపోతే వంటని తిట్టడం ఏం న్యాయం? ఈ పని పూర్తిచేసి, ఉద్యోగం మానేస్తానని చెప్పేయాలని ఆవిడ ఇంట్లోనే నిశ్చయించుకుని వచ్చింది.

ఎడిటర్ కురామొచి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"నేను చెప్పలేదనుకోండి. మిగతా ముగ్గురివీ కలిపి ఇరవైమూడు."

"అది నాకు చెప్పకూడదు కదండీ."

"అందుకేగా చెప్పలేదనుకోమన్నాను. ముప్ఫై రాకపోతే ఉప్పుబాట మూసేస్తారట, ఇసోగాయ్ గారి టీమ్ మొత్తాన్ని ఎత్తేస్తారట. కంపెనీలో పైవాళ్లు తేల్చి చెప్పేశారు. మీరు ఏడు వేస్తే సరిగ్గా సరిపోతుంది."

"ఏడే వేద్దామనుకుంటున్నా."

"హమ్మయ్య. ఆయన పలకరించడానికి వచ్చి కింద నిలబడి ఉన్నాడు. స్వీటు పెట్టె కూడా తెచ్చాడు. చూస్తే జాలేసింది."

గేమ్ విడుదలకి ముందు తయారుచేసినవాళ్లు పత్రికలకి పెట్టె పట్టుకొచ్చి వంగి దండం పెట్టి వెళ్లడం మామూలే. మార్కుల మాట ఎవరూ ఎత్తరు. ఇసోగాయ్ కూడా ఎత్తలేదు. మొదటి భాగం నుంచీ ఉప్పుబాటని నడిపించిన మనిషి, కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి. యోకాన్ అనే స్వీటు పెట్టె రెండు చేతులతో అందించాడు.

"మావూరి యోకాన్ అండీ. తీపి కాస్త ఎక్కువ."

"కూర్చోండి ఇసోగాయ్ గారూ. సగం దాకా వచ్చాను."

అతను కూర్చున్నాడు. తెర వైపు చూడలేదు, ముందు కార్పెట్ వైపు చూశాడు. పొడిగా ఉంది.

"ఈమధ్య ఏ గేమ్‌కీ రావట్లేదటగా" అన్నాడు, కాస్త ఆశగా.

"రావట్లేదండీ. నా వల్లే అయి ఉంటుంది."

"వయసండీ. నాకూ అంతే. ఏం చూసినా చూసినట్టుండదు."

ఇద్దరూ కాసేపు ఒకరి వయసుని ఒకరు పరామర్శించుకున్నారు. మినెగిషి బాణం చూపించిన దారిన పోతూనే ఉంది. ఓ చిరుగంట ఏరింది, ఇంకో చిరుగంట ఏరింది. చివరికి విసుగెత్తి, బాణం కుడికి అంటే పిల్లని ఎడమకి తోసింది. అక్కడ కొండ గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడనే పట్టుకుని నడిపిస్తే దాని వెనక ఓ సందు, సందు చివర ఓ గుడిసె కనిపించాయి.

గుడిసెలో ఏరుకోవడానికి ఏమీ లేదు. ఎవరివో తడిసిన గడ్డి చెప్పులు గోడకి ఆనించి ఉన్నాయి. మధ్యలో చల్లారిన పొయ్యి, పైకప్పులో కన్నం. ఒసాయో ఎవరూ చెప్పకుండానే మూట దించింది. మూట నేలలోకి కాస్త దిగింది. పిల్ల భుజాలు మెల్లగా పైకి లేచి, మళ్లీ సర్దుకున్నాయి. ఇంతసేపూ లేని బరువు ఆ భుజాల్లో కనిపించి మినెగిషి మీటల మీంచి వేళ్లు తీసేసింది.

బార్లీ టీలో ఏదో తెల్లగా పడి కరిగింది. తర్వాత ఆవిడ చేతి మీద ఒకటి. తర్వాత ఇసోగాయ్ కోటు మీద, యోకాన్ పెట్టె మీద, కార్పెట్ మీద మంచు చప్పుడు లేకుండా పడసాగింది. పక్క బల్లాయన తల ఎత్తకుండా కాగితాల మీద ప్లాస్టిక్ లాక్కున్నాడు.

మినెగిషి పిల్లని గుడిసెలోంచి బయటికి నడిపించింది. మంచు ఆగిపోయింది. మళ్లీ లోపలికి తీసుకెళ్లింది, మంచు మళ్లీ పడింది. ఆవిడ ఏడ్చేసింది, ఇసోగాయ్ ముందే. తను ఎండిపోలేదు. ఇన్ని నెలలుగా మోస్తున్న దిగులు దిగిపోయి ఒళ్లంతా తేలికైంది. దాని వెనకే పక్కన కూర్చున్న మనిషి గుర్తొచ్చి భయమేసింది.

అతనే అడిగాడు. "ఎంత వేద్దామనుకున్నారు?"

"ఏడు."

"ఇప్పుడు?"

"నాలుగు."

"మంచు పడ్డాక తగ్గించారా?"

"పడింది కాబట్టే, ఇసోగాయ్ గారూ. తప్పు నాలో ఉందనుకుని ఏడు వేయబోయాను. ఇప్పుడా వంక లేదు. మీ టీమ్‌వాళ్ల మొహాలు తలుచుకుంటే చెయ్యి రావట్లేదు, కానీ నాలుగే."

అతను కోటు మీది మంచు దులుపుకోలేదు. "ఈ గుడిసె తీసేయమన్నాను. నొగామి అని ఓ అమ్మాయి గీసింది. ఏ పనికీ రాని గుడిసెకి ఇన్ని రోజులా అని అందరి ముందూ కేకలేశాను. పైనుంచి గడువు తరుముతోంది, నేను కింద తరిమాను. తర్వాత ఆ అమ్మాయిని పచింకో విభాగానికి, ఆ ఇనుప గోళీల జూదం మిషన్ల దగ్గరికి పంపించేశాను. చూడండి, తీసేయకుండా కొండ వెనక దాచింది."

"పేరు రాయనా నా నాలుగు ముక్కల్లో?"

"రాయండి. పూర్తి పేరు నొగామి కియొకో." లేచి నిలబడ్డాడు. "ఫోన్ చేసుకోవచ్చా?"

అతను కంపెనీకి చేసి, పచింకో విభాగం అడిగాడు. రిసీవర్‌లోంచి ఇనుప గోళీల మోత గదంతా వినిపించింది. ఆ మోతలోంచే ఓ ఆడగొంతు పలికింది.

"నొగామీ, నేను ఇసోగాయ్‌ని. ఆ గుడిసె తీసేయమన్నానా లేదా?"

"అన్నారండీ. తప్పయిపోయింది."

"తప్పు నాది. అందరి ముందూ అన్నాను కదా, ఇక్కడ కూడా అందరూ ఉన్నారు, వింటున్నారు. తప్పు నాదే."

ఇసోగాయ్ రిసీవర్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"మనకి నాలుగు పడుతోందమ్మా. ఉప్పుబాట అయిపోయింది. అందరికీ నేనే చెప్పుకోవాలి, ఎవరికి దొరికిన చోటికి వాళ్లు పోతారు. నేనూ బయటికొచ్చేస్తున్నాను. చిన్న గదేదైనా తీసుకుని మళ్లీ మొదలుపెడదామని ఇప్పుడే, ఈ నిమిషంలో అనుకున్నాను. జీతం సంగతి చెప్పలేను. వస్తావా?"

"ఏం గీయాలండీ?"

"ఆ గుడిసెలో పొయ్యి వెలిగించలేదేం?"

"అప్పటికే మీరు నన్ను ఇక్కడికి పంపేశారండీ. నిప్పు గీయడానికి టైం పడుతుంది."

"ఎంత కావాలి?"

"ఎంత ఇస్తారు?"

ఇసోగాయ్ ఫోన్ పట్టుకుని, తెరలో మూట పక్కన కూర్చున్న ఒసాయోని చూస్తూ నిలబడ్డాడు. ఆ ప్రశ్నకి ఇన్నేళ్లూ అతని దగ్గర ఎప్పుడూ ఒక తేదీ ఉండేది.

"ఎంత పడితే అంత" అన్నాడు.

మినెగిషి కాగితం మీది చెమ్మ తుడిచి, తన మొహం బొమ్మ కింద నాలుగు వేసింది.