చిట్టిబాబూ, రారా నాన్నా

ఆదివారాలు ఏడు కాకముందే భవ్యశ్రీ తన కుక్క బూందీని కారెక్కించుకుని గురుగ్రామ్ నుంచి ఫరీదాబాద్ రోడ్డు పక్కనున్న అడవికి వచ్చేది. మొదటి మలుపు దాకా నడిచి, ఏడున్నరకల్లా వెనక్కి తిరిగేది. అంతకు మించి లోపలికి పోవడానికి ఆమెకు ధైర్యం చాలేది కాదు.

అక్కడి పద్ధతులన్నీ ఆఫీసులో పక్క సీటు క్రాంతి నేర్పింది. ఎదురుగా ఇంకో కుక్క వస్తే లీష్ తాడు కురచ చేసి పక్కకి జరగాలి. యజమానిని అడగకుండా కుక్కని దగ్గరికి పోనివ్వకూడదు. పిలుపు వస్తుంటే మాత్రం లీష్‌ని చేతికి రెండు చుట్లు చుట్టి, అది దాటిపోయేదాకా కదలకూడదు.

ఆ అడవిలో తప్పిపోయిన కుక్క కోసం వేసిన కేక ఆగదు. పిలిచిన మనిషి వెతికి వెతికి ఇంటికెళ్లిపోయినా పిలుపు అక్కడే తిరుగుతూ ఉంటుంది. "బ్రూనో!" అనో, "షేరూ, ఇధర్ ఆ!" అనో మోకాలెత్తున గొంతొక్కటే వచ్చి, తుమ్మచెట్ల మధ్యకి వెళ్లిపోతుంది. నడిచేవాళ్లు సైకిలుకి దారిచ్చినట్టే దానికీ దారిస్తారు. భయమల్లా లీష్ వదిలేసిన కుక్కలకే, అవి పిలుపు వెంట పడి పోతాయి. పిలుపు పాత గనుల గుంతల మీదుగా కూడా పోతుంది. దానికి కింద నేలుందో లేదో తెలియదు. పోయిన చలికాలం ఒక గుంత అడుగున రెండు కుక్కలు దొరికాయి.

"మన తెలుగు పిలుపు కూడా ఒకటుంది. ఇక్కడి ద్వారకలో ఉండే పార్థసారథి అంకుల్‌ది. నాలుగేళ్లైంది పాపం. రోజూ ఎనిమిదింటికి గేటు దాకా వచ్చి పోతుందిట. ఆదివారం ఆదివారం ఆయనొచ్చి విని వెళ్తాడు," అని క్రాంతి చెప్పింది.

ఆ ఆదివారం పొగమంచు దట్టంగా ఉంది. మలుపు దగ్గర బూందీ చెవులు నిక్కబొడిచింది. మంచులోంచి బండరాయిలాంటి నల్లకుక్క ఒకటి దూసుకొచ్చింది. దానికి లీష్ లేదు. "డరో మత్! ఫ్రెండ్లీ హై!" అని, భయపడొద్దంటూ ఎక్కడో వెనకనుంచి ఎవరో మగమనిషి అరుస్తున్నాడు. బూందీ బెదిరి ఒక్క గుంజు గుంజింది. లీష్ చేతిలోంచి జారిపోయింది.

ఎండుటాకుల మీద లీష్ ఈడ్చుకుపోతున్న చప్పుడు పైకి, ఇంకా పైకి పోయింది. భవ్యశ్రీ దాని వెనక పరుగెత్తింది. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచి, మూసుకుంది. ఈ ఊళ్లో తనదంటూ ఉన్న ప్రాణి బూందీ ఒక్కటే. మూడేళ్ల కిందట ఫరీదాబాద్ కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకుంది. ఇప్పుడు పిలిచాక అది దొరక్కపోతే, తన గొంతు ఈ చెట్లలో ఎన్నేళ్లు తిరగాలి?

అప్పుడు వినపడింది. వెనకనుంచి, నింపాదిగా.

"చిట్టిబాబూ, రారా నాన్నా!"

మోకాలి పక్కనుంచి చల్లగా దాటిపోయింది. ముందున్న లీష్ చప్పుడు ఆగింది.

బూందీ గుంత అంచున నిలబడి ఉంది. ఏ పిలుపు విన్నా గుర్రుమనే కుక్క, ఇప్పుడు తోక మెల్లగా ఊపుతోంది. గుంత నిండా మంచు, తెల్లటి నేలలా పరుచుకుంది. "చిట్టిబాబూ..." పిలుపు ఆ తెలుపు మీదుగా సాగుతోంది. బూందీ ముందుకాలు ఎత్తింది.

భవ్యశ్రీ బోర్లా పడి రెండు చేతులా లీష్ అందుకుంది. మెడ గుంజుకుపోగానే బూందీ ఆగి, సన్నగా, ముద్దుగా కుయ్యిమని పలికింది. సాయంత్రం ఆమె తాళం తీసిన చప్పుడుకి కుయ్యిమనేది కూడా అలాగే.

"రారా నా..."

పిలుపు సగంలో ఆగిపోయింది. మళ్లీ వినపడలేదు.

మెల్లగా కిందికి దిగేసరికి ఎనిమిది దాటింది. బూందీని కారులో ఎక్కించి తలుపు వేసింది. పారిపోవాలనిపించింది. మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన గేటు దగ్గర్నుంచి గబగబా వస్తున్నాడు.

"బేటా, ఊపర్ కోయీ ఆవాజ్..." అని, కారు వెనకద్దం మీద తెలుగు స్టిక్కరు చూసి ఆగాడు. "తెలుగమ్మాయివా తల్లీ? పైన 'చిట్టిబాబూ' అని వినపడిందా? ఎనిమిదింబావైంది. నాలుగేళ్లలో ఒక్క ఆదివారం తప్పలేదు."

"వినపడి... సరిగ్గా గమనించలేదండి."

"కుక్క పలికితే పిలుపు ఆగుతుందంటారు. లేకపోతే కుక్క చచ్చిపోతే. ఇన్నేళ్లు పలకనిది ఇవాళ పలుకుతుందా?" ఆయన అడవి వైపు తిరిగాడు. "పోయుంటుంది. ఎక్కడో, ఒంటరిగా."

కారు తాళం ఆమె గుప్పిట్లో ఉంది. ఎక్కి వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. కారు అద్దాల నిండా ఆవిరి. లోపల ఏముందో ఆయనకి కనపడదు.

"పోలేదండి," అంది భవ్యశ్రీ. తలుపు తీసింది.

బూందీ దూకి, ఆయన బూట్లు వాసన చూసింది. ప్యాంటు వాసన చూసింది. తర్వాత ఆయన మోకాళ్ల మధ్యకి తల దూర్చి అలాగే ఉండిపోయింది. ఆయన నేలమీద కూలబడ్డాడు. భవ్యశ్రీ లీష్ కొస చాపింది. ఆయన దాన్ని అందుకోకుండా బూందీ చెవులు నిమిరాడు.

"ఇప్పుడు వీణ్ణి ఏమని పిలుస్తున్నావమ్మా?"

"బూందీ."

"బూందీ," అన్నాడు ఆయన, అడవికి వినపడనంత మెల్లగా. ఆమె వేళ్లని లీష్ మీదే మూసి, చేతికి రెండు చుట్లు తనే చుట్టాడు. "ఇక్కడికి మళ్లీ తీసుకురాకమ్మా. మా సొసైటీలో పార్కుంది, చుట్టూ గోడ. అక్కడికి తీసుకురా. నేను కాసేపు చూసుకుని పంపించేస్తాను."