బిల్లు లేని సూది

గిద్దలూరు బజారులో స్టీలు సామాన్ల దుకాణం నాగభూషణరావు బిల్లు లేకుండా గరిటె కూడా అమ్మడు. వద్దు మొర్రో అన్నవాడి చేతిలోనూ కుక్కి పంపిస్తాడు. అలాంటి మనిషి ఇంట్లోనే ఆరేళ్ళపాటు బిల్లు లేకుండా ఇంజెక్షన్లు వేయించుకున్నారని తెలిసిన రోజు ఆయన ముఖం చూడాల్సింది.

సంగతి కోడలు కన్యక మణికట్టు విరిగినప్పుడు బయటపడింది. పూజగదిలో పీట మీద నుంచి కాలు జారింది, అంతే. ఒంగోలులో ఎముకల డాక్టరు పరీక్షలు చేయించాడు. ఈ వయసుకే ముసలివాళ్ళ ఎముకలేమిటని ఆశ్చర్యపోయి, ఏం మందులు వాడుతున్నావమ్మా అని అడిగాడు. కన్యక అత్తగారి వైపు చూసింది. అత్తగారు రామతులసమ్మ నేల చూపులు చూసింది.

పిల్లలు పుట్టకుండా మూడు నెలలకొకసారి వేసే ఇంజెక్షన్ అది. వేయించింది మార్కాపురంలో ఒక నర్సింగ్ హోంలో. కూతురు పుట్టినప్పుడు కన్యక చావు తప్పించుకుని బయటపడింది. ఇంకో కాన్పు వద్దని అత్తాకోడళ్ళిద్దరూ గట్టిగా అనుకున్నారు. కానీ పొద్దున లేస్తే దుకాణానికి మనవడు కావాలని ఒకటే పాట పాడే నాగభూషణరావుకు ఆ మాట చెప్పేదెవరు? అందుకని మార్కాపురం చెన్నకేశవస్వామి దర్శనమని చెప్పి బస్సెక్కేవాళ్ళు. ఈయనేమో భార్య భక్తికి పొంగిపోయి పక్క దుకాణాలవాళ్ళకు గొప్పలు చెప్పుకునేవాడు.

"బిల్లుంటే ఎప్పుడో ఒకప్పుడు మీ కంట్లో పడతాదని నేనే వద్దన్నా," అంది రామతులసమ్మ, భర్త నిలదీస్తే. "డాక్టరు రాసిన చీటీ కూడా అక్కడే చించేయమన్నా."

ఆయన కొడుకు ఫణికృష్ణ వైపు తిరిగాడు. "నీకూ తెలుసునా?"

"తెలుసు నాయనా."

అంటే ఇంట్లో తెలియనిది తనొక్కడికే. ఆ వారమంతా దుకాణంలో గిన్నెలన్నీ చప్పుడు చేస్తూనే ఉన్నాయి. కొనేవాళ్ళు కూడా బేరమాడడానికి జంకారు.

ఆ కోపం చల్లారకముందే కన్యక కేసు వేస్తానంది. నాగభూషణరావు కస్సుమన్నాడు. తాతల నాటి నుంచి తమ ఇంట్లో కోర్టు మెట్లెక్కినవాళ్ళు లేరు. ఏ తగాదా అయినా దుకాణం అరుగు మీద కూర్చుని తేల్చుకునే వంశం వాళ్ళది.

కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కాపురానికొచ్చాక మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడింది కన్యక. "ఎముకలు పలచబడతాయని ఒక్క మాట చెప్పుంటే ఎప్పుడో ఆపేసుందును మామయ్యా. ఇంకేదన్నా దారి చూసుకునుందును. ఆ మాట నాకెందుకు చెప్పలేదో అడగాల."

మర్నాడు ఆయనే కోడల్ని వెంటబెట్టుకుని వకీలు సంధ్యారాణి దగ్గరికి వెళ్ళాడు. కోర్టులో ఉచిత న్యాయ సహాయం చూసే వకీలు ఆమె. ఫీజు అక్కర్లేదనేసరికి ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"మేం దానం పుచ్చుకునేవాళ్ళం కాదమ్మా."

"దానం కాదు పెద్దాయనా. ఇంట్లో ఎంతున్నా సరే, ఆడవాళ్ళకు చట్టం ఇచ్చిన హక్కు ఇది," అంది సంధ్యారాణి. తర్వాత కన్యక వైపు తిరిగి దారులు చెప్పింది. మందు వల్ల ఏం జరిగిందో దుష్ప్రభావాలు నమోదు చేసే కేంద్రానికి తెలియజేయవచ్చు. డాక్టరు మీద మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. నష్టపరిహారం కావాలంటే ఒంగోలులో వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ళలోపు వెళ్ళాలి. "మందు కంపెనీ మీదికి పోవడం కష్టం. ఎక్కువకాలం వాడితే ఎముకలకు దెబ్బని డబ్బాలో కాగితం మీద వాళ్ళు రాసే పెట్టినారు. అది చదివి నీకు చెప్పాల్సింది నర్సింగ్ హోం వాళ్ళు. చెప్పకపోవడమే వాళ్ళ తప్పు."

నర్సింగ్ హోంను రికార్డులు అడిగితే ఒక్క ముక్కలో జవాబొచ్చింది. కన్యక అనే పేషెంటే తమ దగ్గర లేదట. బిల్లు లేదు, చీటీ లేదు. మిగిలిన సాక్ష్యమల్లా పక్కనే నిలబడి సూది వేయించిన అత్తగారు. ఆమె మాట నిలబడితే కేసుంటుంది, లేకపోతే లేదు.

అయినా కన్యక నర్సింగ్ హోం మీద కమిషన్‌లో కేసు వేసింది. సాక్షిని ప్రశ్నలు అడిగే రోజున అక్కడి హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాడు నాగభూషణరావు. ఊళ్ళో పెళ్ళికెళ్ళినా నలుగురిలో గొంతెత్తని భార్య, అంతమంది ముందు నిలబడింది. అవతలి వకీలు గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. ఆమె తొణకలేదు.

"సూది వేసేది మార్తమ్మ అనే నర్సు. వేసినాక ఆ చోట రుద్దొద్దు అని చెప్పేది. ప్రతిసారీ అదే మాట. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలే," అంది.

మామూలు సూదైతే రుద్దమంటారు, ఈ మందుకే రుద్దకూడదు; దగ్గరుండి వేయించినవాళ్ళకు తప్ప తెలియని ఆ ముక్క వినగానే కమిషన్ అధ్యక్షుడు తలెత్తి చూశాడు. ఆ వకీలు గబగబా దారి మార్చాడు.

"గరిటెకు కూడా బిల్లిచ్చే ఇల్లు మీది. అలాంటి మీరు ఆరేళ్ళు బిల్లే అడగలేదంటే నమ్మమంటారా? ఎవరికి భయపడి అడగలేదమ్మా?"

రామతులసమ్మ నోరు మూతపడింది. జవాబు తెలియక కాదు. నలుగురిలో మొగుడి పరువు తియ్యడానికి ఆమెకు నోరు రాలేదు. వకీలు మళ్ళీ అడిగాడు. ఆమె చీరకొంగు నలుపుతూ నిలబడిపోయింది. సంధ్యారాణి ముఖం వాడిపోయింది. కన్యక కట్టు విప్పిన చేతిని గట్టిగా పట్టుకుంది.

ఇన్నేళ్ళూ ఇల్లు తన చేతిమీదే నడుస్తోందనుకున్నాడు నాగభూషణరావు. కోడలి ప్రాణం కాపాడాలని తపించింది ఈమె. తనంటే ఉన్న భయంతోనే అదంతా చాటుగా చేయాల్సొచ్చింది. ఇప్పుడు కూడా తన పరువే కాపాడాలని చూస్తోంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"నాకండీ. నాకు భయపడి."

హాలంతా వెనక్కి తిరిగింది. "ఎవరు మీరు? కూర్చోండి," అన్నాడు అధ్యక్షుడు.

"ఆమె భర్తనండి. మనవడు మనవడని వాళ్ళను నోరెత్తనియ్యకుండా చేసింది నేనే. ఆమె చెప్పేదంతా నిజం."

అక్కడి నుంచి మాట్లాడకూడదని, చెప్పదలుచుకుంటే అఫిడవిట్ వేయమని అధ్యక్షుడు మందలించాడు. వేస్తానని చెప్పి కూర్చున్నాడాయన. చెవులు ఎర్రబడ్డాయి కానీ తల దించుకోలేదు. రామతులసమ్మ అప్పుడు గొంతు సవరించుకుని, "అవునండి, ఆయనకే," అని నిటారుగా నిలబడి చెప్పింది. ఇలాంటి మనిషి తన భార్య అని ఆ హాల్లో అందరికీ తెలిసినందుకు ఆయన ఒళ్ళంతా గర్వంతో నిండిపోయింది.

బయట వరండాలోకి రాగానే ఆ వకీలు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "పెద్దమనిషి కుటుంబం మీది. ఈ రచ్చ మీకెందుకు? నర్సింగ్ హోం వాళ్ళు మంచి మొత్తమే ఇస్తారు. కేసు వెనక్కి తీసుకోండి. సంగతి ఎక్కడా ఎత్తనని ఒక మాట రాసిస్తే చాలు. ఎవరికీ తెలియదు."

"పేషెంటే కాదన్న మనిషికి డబ్బెందుకిస్తారండీ?" అన్నాడు నాగభూషణరావు. వకీలు నవ్వు ఆగిపోయింది.

ఇంకొకప్పుడైతే ఆయన అక్కడే బేరం తెంపేవాడు. ఇంట్లో ఏ సంగతికీ ఎవరినీ అడిగిన మనిషి కాదు. ఆయన కోడలి వైపు తిరిగాడు.

"నువ్వేమంటావమ్మా?"

కన్యక ఒక్క క్షణం అత్తగారి ముఖంలోకి చూసింది.

"ఎవరికీ తెలియకూడదనుకోబట్టే నా ఎముకలు ఇట్లయినాయి మామయ్యా. ఈసారి అందరికీ తెలియాల."

నాగభూషణరావు వకీలు వైపు తిరిగి, కండువా సర్దుకున్నాడు.

"విన్నారు కదండీ. మా ఇంటి మాట అదే."