నవలల ఏజెంటు గారిల్లు

ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంట్లో అందరికీ ఉప్మా పెట్టి, పిల్లల తలలు దువ్వి, భ్రమరాంబ సంచి పుచ్చుకుని సీతమ్మధార బస్సెక్కేది. ఆవిడ వెనకాలే అసిరమ్మ ఎక్కేది. అసిరమ్మ అంటే భ్రమరాంబ రాసిన నవల్లో కథానాయిక. నవల ఇంకా అచ్చు కాలేదు కాబట్టి, రాసినావిడ ఇంట్లోనే ఉంటూ బియ్యంలో రాళ్లేరుతూ, బట్టలారేస్తూ కాలక్షేపం చేస్తోంది. అచ్చు కాని పాత్రలు ఇంకెక్కడుంటాయి? కండక్టరు కూడా "అచ్చవనేదు గదమ్మా, అరటిక్కెట్టు సాల్లే" అని చింపి ఇచ్చేవాడు.

భ్రమరాంబ పుట్టిల్లు కాకినాడ వైపు. మొగుడు చలమయ్య ఇక్కడి పోర్టులో గుమాస్తా. రేవు పక్కన కాపురం కదా, ఏజెంటు లేకుండా ఓడలోంచి గుండుసూదైనా బయటికి రాదని ఆవిడకి తెలుసు. నవలకీ అలాంటి ఏజెంటు ఉండి తీరాలనుకుంది. వాకబు చేస్తే శ్రీరామ్మూర్తి గారి పేరు చెప్పారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని మురిసిపోయింది పిచ్చి ఇల్లాలు.

ఈ శ్రీరామ్మూర్తి ఒకప్పుడు విజయవాడలో ఏదో పుస్తకాల కొట్టు అరుగు మీద నాలుగు రోజులు కూర్చున్నాడట. ఆ అరుగు పుణ్యమా అని పబ్లిషర్లంతా తన జేబులో ఉన్నారని చెప్పుకుంటాడు. జేబులో నిజంగా ఉన్నది ముక్కుపొడుం డబ్బా. ఎవరి నవలైనా సరే అరచేతిలో పెట్టుకుని వంకాయలు తూచినట్టు తూచి, లావైందనో బక్కగా ఉందనో అంటాడు. చదవడమనే పాపం మాత్రం ఆయన ఎన్నడూ ఎరగడు.

సీతమ్మధారలో ఆయన ఇంటి వరండా నిండా అచ్చు కాని పాత్రలే. ఎవరో బ్యాంకు ఉద్యోగి రాసిన జమీందారు, సిల్కు లాల్చీ మోచేతుల దగ్గర చిరిగిపోయి, ఎప్పుడు చూసినా అదే బెంచీ మీద కునుకుతూ ఉంటాడు. పక్కన ముగ్గురు కథానాయికలు. ఒకప్పుడు ఒకతె బీడీలు చుట్టేది, ఒకతె పంతులమ్మ, ఇంకొకతె నర్సు. ఏజెంటు గారి సలహా విని రాసినవాళ్లు దిద్దేసరికి ముగ్గురూ తెల్లగా, కారు నడిపే డాక్టర్లయిపోయి, ఎవరు ఎవరో వాళ్లకే తెలియకుండా పోయారు.

అసిరమ్మ వాళ్ల మధ్య కూర్చునేది కాదు. తిన్నగా పెరటివైపు వంటింట్లోకి పోయి, ఏజెంటు గారి భార్య నారాయణమ్మ ముందు చతికిలపడి తోటకూర తరిగేది. వచ్చే పోయే రచయితలకి కాఫీలు కాచి కాచి నారాయణమ్మ మొహం కూడా డికాషను రంగుకి తిరిగింది. ఆ మహానుభావుడు భార్యని ఏనాడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "కాఫీ" అని కేకేస్తాడు, అంతే. తరిగేటప్పుడు అసిరమ్మ తన కథ చెప్పేది, వారానికో ప్రకరణం. కిటికీలోంచి ఆ మాటలు భ్రమరాంబ చెవిన పడుతూనే ఉండేవి.

"అప్పుడేటి సేసినావే?" అంది ఆ ఆదివారం నారాయణమ్మ.

"ఏటి సేత్తానమ్మా. తిన్నావా అని ఒక్కపాలైనా అడగనోడికి వండి వండి ఇసుగెత్తిపోనాది. పొయ్యిలో నీళ్లోసీసినాను."

ఇవతల గదిలో శ్రీరామ్మూర్తి నవల కట్ట చేత్తో ఆడిస్తున్నాడు. "ముగింపు మార్చాలమ్మా. ఇల్లాలు గడప దాటి పోతుందని మొన్న చెప్పారే, అదేమిటి? తిరిగొచ్చి మొగుడి కాళ్ల మీద పడాలి. ఆ ఒక్క పేజీ మార్చండి, రేపే విజయవాడ వెళ్తాను."

"మీరు అంతా చదివారాండీ?"

"అక్షరం అక్షరం."

ఇచ్చిన నాడు భ్రమరాంబ కట్ట దారానికి పసుపు రాసి వేసిన ముడి వేసినట్టే ఉంది. చూసి ఆవిడకి ఒళ్లు మండింది. అంతకంటే తన మీద తనకి అసహ్యం వేసింది, ఎందుకంటే చెయ్యి అప్పటికే సంచిలో కలం కోసం వెతుకుతోంది. ఒక్క పేజీయే కదా, అచ్చులో పేరు చూసుకోవచ్చు కదా అనుకుంది. కలం మూత తీసింది.

"కాఫీ" అని కేకేశాడు శ్రీరామ్మూర్తి. రాలేదు. మళ్లీ కేకేసి, చిరాగ్గా లేచి లోపలికి వెళ్లాడు. పొయ్యిలో నీళ్లు పోసి ఉన్నాయి, ఇంకా పొగ వస్తోంది. పెరటి తలుపు తీసి ఉంది.

"ఇద్దరూ బస్సెక్కీసినారు బాబూ," అంది గోడవతల, పక్కింట్లో పనిచేసే పోతమ్మ, బట్టలుతుకుతూ. "అమ్మగోరు ఎల్లొత్తానని సెప్పనేదు, ఎలతానని సెప్పినాది."

ఆయన వెనక్కొచ్చి నిలబడ్డాడు. ఏ విషయం మీదా అభిప్రాయం లేకుండా ఆ మొహం కనబడటం అదే మొదలు.

"మీ అసిరమ్మ ఇల్లు వదిలి ఎక్కడికి వెళ్తుంది?"

"చదివారు కదండీ, అక్షరం అక్షరం."

ముడి గోళ్లతో రాలేదు, పళ్లతో లాగాడు. నిలువుకాళ్ల మీద పెదాలు కదుపుతూ చదివాడు. చదివి చదివి, ఎండ వరండా దాటేసరికి ఆఖరి పేజీకొచ్చాడు. అసిరమ్మ గాజువాకలో స్టీలు ప్లాంటు కూలీలకి మెస్సు పెట్టుకుంటుంది. మొగుడు వెతుక్కుంటూ వస్తే అందరితో పాటే బంతిలో కూచోబెట్టి, కడుపునిండా వడ్డించి, పైకం పుచ్చుకుని పంపించేస్తుంది.

తన నవల ఒకరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని చూడాలని భ్రమరాంబకి ఎంత కోరికో. తీరా చూస్తే చీదరే మిగిలింది.

శ్రీరామ్మూర్తి చేతులు జోడించాడు. "ఇది మార్చండమ్మా. అసిరమ్మ వెనక్కి వస్తే మా ఆవిడా వస్తుంది. మీకు పుణ్యముంటుంది."

"వచ్చి కాళ్ల మీద పడాలాండీ?"

"వద్దు, వద్దు. వస్తే చాలు. నేనే పడతాను."

భ్రమరాంబ ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకుని, వరస సరిచేసి, మళ్లీ ముడి వేసింది. కలానికి మూత బిగించింది.

"ముగింపు బాగానే ఉందండీ," అని చెప్పి, నవల సంచిలో పెట్టుకుని, వరండాలో వాళ్లని తప్పుకుంటూ ఒక్కతే మెట్లు దిగింది.