ఏలుబడి

ఆస్పత్రి దుప్పట్లు ఇంకా సగం తడిగానే ఉన్నాయి. డ్రయ్యరు పొద్దున్నే మొరాయించింది. మధ్యాహ్నానికి వార్డులకు అందకపోతే సూపర్‌వైజరు నోటికి అడ్డూ ఆపూ ఉండదు. చిన్నమ్మి ఇస్త్రీపెట్టె మీద బరువంతా మోపి రుద్దుతోంది.

ఆ ఆవిరిలోకే ఆమె అన్న వచ్చి నిలబడ్డాడు. బస్సు డ్రైవరు, ఖాకీ చొక్కా కూడా మార్చుకోలేదు.

"బావ గేటు దగ్గరున్నాడమ్మా. జరిగిందేదో జరిగింది, ఏలుకుంటానంటున్నాడు."

పక్క బల్ల దగ్గర దిండు గలీబులు మడతపెడుతున్న ముసలామె మూతి తిప్పింది. "ఏలుకోడానికి ఇదేమన్నా రాజ్యమా నాయనా?"

చిన్నమ్మికి నవ్వు రాలేదు. ఆ ఏలుబడి ఆమె చూసిందే. మొగుడు పనికి వెళ్తూ బయట తాళం వేసేవాడు. ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరం, బిందెలో చుక్క నీళ్లు లేవు. కిటికీ ఊచలు పట్టుకుని పక్కింటివాళ్లను కేకేసింది. వీధిలో పరువు తీశావని రాత్రి అతను కొట్టాడు. మర్నాడు పక్కింటాయన తాళం పగలగొడితే కట్టుబట్టలతో వచ్చేసింది.

అయినా అందరి నోటా ఆమె "మొగుడొదిలేసిన పిల్ల". "నేనే వదిలేశాను" అంటే, "ఆడది అనే మాటేనా అది?" అని వదిన కసిరింది.

"నిన్నిచ్చిన చోట సర్దుకోవాలి గదా" అన్నాడు అన్న. గొంతులో బలం లేదు.

"ఇచ్చారు సరే. తాళం సంగతి తెలిశాకైనా అడగడానికి వచ్చావా అన్నయ్యా?"

అతను తడి దుప్పటి అంచు నలిపి వదిలేశాడు. తర్వాత బయటికి వెళ్లాడు. కాసేపటికి కిటికీలోంచి అతని గొంతు వినిపించింది.

"లేదు బావా. మేం పంపించట్లేదు."

అన్న తన పక్షానే నిలబడ్డాడు. సంతోషించాలి. కానీ ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ఇచ్చిందీ వాళ్లే, పంపనిదీ వాళ్లే, మధ్యలో తనెక్కడ? ఇస్త్రీపెట్టె ఆపి, చెమట తుడుచుకోకుండానే గేటు దాకా నడిచింది.

"వాళ్లు పంపించకపోవడం కాదు. నేనే రావట్లేదు."

మొగుడు ఆమెకేసి చూడనైనా లేదు. "ఏంటి బావా ఇది?" అని అన్ననే నిలదీశాడు.

అన్న వాళ్లిద్దరి మధ్య నుంచి ఒక అడుగు పక్కకి జరిగాడు.