జడ విప్పిన అడుగు

మిర్యాలగూడలో ఒక గుడి ఉత్సవాల పనులు చూసే జగదీష్, కోదాడలో కూచిపూడి నేర్పే ఇంద్రజకు ఫోన్ చేశాడు.

"నేరేడుచర్ల ఆడోళ్లు జడకోలాటం మంచిగ ఆడ్తరు మేడమ్. గని మా ఉత్సవంల జనం ముందట ఎట్ల నిలబడాలె, ఎటు సూడాలె తెల్వది. మీరు జర చెప్పున్రి."

ఇంద్రజ ఒప్పుకుంది. పన్నెండు రోజులు, రోజూ బస్సెక్కి నేరేడుచర్ల వెళ్లింది.

మూతపడిన ఒక రైస్ మిల్లు ముందు సిమెంటు కళ్లంలో ఆడేవాళ్లు. నడుమ గుంజ పాతి, దాని కొసన ఇనుప చట్రానికి పదహారు రంగుల గుడ్డ పట్టీలు వేలాడదీశారు. ఒక్కొక్కరి ఎడమచేతిలో ఒక పట్టీ, కుడిచేతిలో కోలకర్ర. ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు తిరుగుతారు. ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపలి వైపు నుంచి, మరోసారి బయటి వైపు నుంచి దాటాలి. అలా తిరిగేకొద్దీ పైన పట్టీలు జడలా అల్లుకుంటాయి. అల్లిక అయ్యాక, వచ్చిన అడుగులే వెనక్కి వేసి జడ విప్పాలి. ఆ బృందానికి పెద్ద కమలమ్మ. అరవైకి దగ్గర పడింది. పాట అందుకునేదీ ఆమే.

మొదటి మూడు రోజులూ ఇంద్రజ తనకు తెలిసిన పద్ధతిలో నేర్పింది. మోకాళ్లు కాస్త వంచమంది. నవ్వు చెదరకూడదంది. గుండ్రంగా తిరిగేటప్పుడు కూడా ముఖం జనం వైపే ఉండాలంది. వాళ్లు విన్నారు. కానీ నాలుగో రోజుకు ఒకరి భుజం ఒకరికి తగిలి, కర్రలు తప్పి, పట్టీలు చిక్కుపడ్డాయి.

"మీరంతా ఒకరినొకరు చూసుకుంటున్నారు పెద్దమ్మా. చూపు జనం మీద ఉండాలి," అంది ఇంద్రజ.

కమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎదురొచ్చే మనిషిని సూడకపోతే నాకు అడుగు పడదు మేడమ్. లోపటికి పోవాల్నో బయటికి పోవాల్నో ఆమె భుజమే చెప్తది."

బస్సులో తిరిగి వస్తూ ఇంద్రజ ఆ మాటే ఆలోచించింది. ఒళ్లు, కాలం, చోటు, బలం, ఈ నాలుగూ కలిస్తేనే నాట్యమని ఆమె ఏటా కొత్త పిల్లలకు చెబుతుంది. చోటు అంటే ఇన్నాళ్లూ ఆమెకు వేదిక మీద తనొక్కతే నింపే చోటు. ఇక్కడ అది ఇద్దరి మధ్య ఉంది. మర్నాడు వాళ్లను పాత పద్ధతిలోనే ఆడమని, తాను పక్కన కూర్చుని చూసింది. ఆ తర్వాత సరిదిద్దినవి రెండే: కర్ర ఎత్తే ఎత్తు, మొదట గుంజ దగ్గరికి నడిచి వచ్చే తీరు.

ఉత్సవానికి రెండు రోజుల ముందు బృందంలో నీలా అనే ఆమెకు ఆటో దిగుతుంటే చీలమండ బెణికింది. పదిహేను మంది మిగిలారు. సరిసంఖ్య లేకపోతే జడ అల్లుకోదు.

"నువ్వే నిలబడు బిడ్డా," అంది కమలమ్మ.

"నేను ఎప్పుడూ గుంపులో ఆడలేదు పెద్దమ్మా."

"రోజూ సూస్తున్నవ్ కద. గీ రెండు దినాలల్ల వస్తది."

రెండు రోజులూ ఇంద్రజ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా సాధన చేసింది. ఆమె కాలు అలవాటుగా నేలను గట్టిగా తాకేది. "మెల్లగ బిడ్డా, మేం నడుస్తనే ఆడ్తం," అనేవారు పక్కవాళ్లు.

ఉత్సవం నాడు పొద్దున పది గంటలకు మిర్యాలగూడ గుడి ముందు జనం నిండారు. కమలమ్మ పాట ఎత్తుకుంది. పదహారు మంది కదిలారు. నాలుగో చరణంలో ముందు వరసలో ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తుంటే ఇంద్రజ చూపు అటు పోయింది. తనకు తెలియకుండానే ముఖం తిప్పి నవ్వింది. మరుక్షణం మళ్లీ అడుగు కలిపింది. పైన జడ నిండుగా దిగివచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత వెనక్కి తిరగడం మొదలైంది. జడ సగం దాకా విడింది. కమలమ్మ ఎదురుగా వస్తోంది. ఇప్పుడు తాను లోపలి వైపు నుంచి దాటాలని ఇంద్రజకు బాగా గుర్తు. లోపలికి అడుగు వేయబోయింది.

"బయటికి పో బిడ్డా," అంది కమలమ్మ, పాట మధ్యలోనే, మెల్లగా.

ఇంద్రజకు అర్థం కాలేదు. అయినా బయటికే వెళ్లింది. పైన పట్టీ ఎక్కడా పట్టుకోకుండా జారి విడింది. పాట సాగింది. చివరికి పదహారు పట్టీలూ విడివిడిగా గాలికి ఊగాయి.

తిరుగు ప్రయాణంలో రెండు షేర్ ఆటోల్లో సర్దుకున్నారు. కమలమ్మ పక్కన ఇరుక్కుని కూర్చున్న ఇంద్రజ అడిగింది. "అప్పుడు నన్ను బయటికి ఎందుకు పొమ్మన్నారు?"

"అల్లేటప్పుడు నాల్గో చరణంల నువ్వు లోపటికి పోయేది బయటికి పోయినవ్. యాది లేదా?"

"లేదు."

"నీకు ఎదురొచ్చింది నేనే కద, సూసిన. ఇప్పేటప్పుడు గాడికి వచ్చినంక గదే తప్పు మల్ల ఎయ్యాలె. సక్కగ ఏసినవనుకో, ముడి పడ్తది."

ఇంద్రజ కమలమ్మ వైపు తిరిగింది. పదిహేను మందిని కదిలిస్తూ, పాట పాడుతూ, తన ఒక్క తప్పడుగును ఈ మనిషి అంతసేపు గుర్తు పెట్టుకుంది. సిగ్గు కలిగింది, దానికంటే ఎక్కువగా మనసు తేలికైంది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమైతది. నువ్వు పరేషాన్ అయితవ్." కమలమ్మ కాలు కాస్త చాపుకుంది. "ఇగ మీ ఆట సూపియ్యి. పన్నెండు దినాలు మా ఆటనే సూస్తివి."

"ఇక్కడ కాలు కదపడానికే చోటు లేదు కదా."

"చేతులున్నయి కద. నాటు ఏసేది సూపియ్యి."

ఇంద్రజ నవ్వి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, కూర్చున్నచోటే నడుం వంచింది. ఎడమచేతిలో నారు కట్ట ఉన్నట్టు పట్టుకుని, కుడిచేతి వేళ్లతో ఒక్కో మొక్క తీసి బురదలో గుచ్చింది. కళ్లు మొక్క వెంట నీళ్లలోకి దిగాయి. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు ముచ్చట్లు ఆపి చూశారు.

కమలమ్మ ఆమె కుడిచెయ్యి పట్టుకుంది. "కండ్లు మంచిగ చెప్తున్నయి. గని వేళ్లు గట్ల కాదు. బొటనవేలు మొక్క ఏరు మీద పెట్టి లోపటికి నొక్కాలె. లేకుంటె తెల్లారెసరికి తేలిపోతది."

ఆమె ఇంద్రజ బొటనవేలును మడిచి సరిగా పెట్టింది. ఇంద్రజ మళ్లీ మొదటి మొక్క నుంచి నాటడం మొదలుపెట్టింది.