తనిఖీ రోజున నా ట్రెయిలర్‌లో

కుక్కలు నా కొట్టంలోకి చేరింది ఉదయం ఏడున్నరకి. తనిఖీవాళ్లు ఇద్వాల్ ఇంటికి వచ్చేది తొమ్మిదింటికి. ఒంటిగంటకల్లా వాళ్లు వెళ్లిపోతే కుక్కల్ని మళ్లీ ట్రెయిలర్ ఎక్కించి దింపి రావాలి. మూడేళ్లు ఇలాగే జరిగింది. ఇది నాలుగోసారి.

ఇద్వాల్‌ది పక్క పొలం. ఆ పొలం పేరు కుమ్‌దీ. కొండ దిగితే అర మైలు. పాల ధర పడిపోయిన ఏడాది ఆవుల్ని అమ్మేసి, అవే కొట్టాల్లో కుక్కల్ని పెట్టాడు. గొర్రెల మంద మాత్రం ఉంచుకున్నాడు. పిల్లల్ని ఈనించి నగరాలకు అమ్ముతాడు. ఇరవై కుక్కలకు ఒక మనిషి ఉండాలని చట్టం. అక్కడున్నది ఇద్వాల్, అతని భార్య. కాబట్టి లైసెన్సు నలభైకి ఇచ్చారు. కుక్కలు మాత్రం అరవై ఒకటి. పైనున్న ఇరవై ఒకటీ తనిఖీ పూట నా కొట్టంలో దాగేవి.

కౌన్సిల్ వాళ్లు ఏడాదికోసారి వస్తారు. రెండు వారాల ముందే తేదీ, టైము వేసి ఉత్తరం రాస్తారు. ఇద్వాల్ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, "పెళ్లి పిలుపొచ్చింది పిల్లా, ట్రెయిలర్ కడిగి ఉంచు" అని నాకు ఫోన్ చేసేవాడు.

నేనెందుకు ఒప్పుకున్నానో కూడా చెప్పాలి. మొదటిసారికి ముందు వేసవిలో, పొలంలో తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బైక్ బోల్తాపడి నా కాలు విరిగింది. నాలుగు వందల గొర్రెలు ఉన్నితో ఎండలో రొప్పుతుంటే నేను కిటికీలోంచి చూస్తూ మంచంలో ఉన్నాను. ఇద్వాల్ లోయలో వాళ్లందర్నీ కూడగట్టుకొచ్చి ఒక్క రోజులో కత్తిరించి పెట్టాడు. మా దగ్గర ఉన్ని కత్తిరింపుకి కూలి ఉండదు. నీ గొర్రెలకి నేను, నా గొర్రెలకి నువ్వు. అంతా బదులు పనే. పిలిస్తే రానన్న మనిషి గడప మరుసటి ఏడు ఎవరూ తొక్కరు.

మరుసటి వసంతంలో అతను ట్రెయిలర్ అడిగాడు. కాదనలేకపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, కాదనాలని నాకు తోచనే లేదు.

ఈ నాలుగోసారి తనిఖీ రోజున పదింటికి నీళ్లు పెట్టడానికి వెళ్తే, మూలనున్న గోధుమరంగు చెవుల స్పానియల్ లేవలేదు. మెడలో నలభై ఒకటి అని బిళ్ల. పొట్ట బిగుసుకుని ఉంది. ముక్కుతోంది. గడ్డి మీద ముదురాకుపచ్చ తడి.

"ఈ పూటే ఈనాలా తల్లీ నువ్వు?" అన్నాను.

వెయ్యి గొర్రెపిల్లల్ని ఈ చేతుల్తో బయటికి లాగాను. కాలు అడ్డం తిరిగితే సరిచేశాను, కవలలు చిక్కుపడితే విడదీశాను. మోకాళ్ల మీద కూర్చుని చేతికి సబ్బు రాసుకున్నాను. రెండు వేళ్లు కూడా పట్టలేదు. లోపల ఏదో గట్టిగా అడ్డం పడి ఉంది, వేలి కొసకు తగిలి జారిపోతోంది. కుక్క నా మణికట్టు నాకింది.

పదకొండింటికి ఇద్వాల్‌కి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు.

"ఇప్పుడెందుకు చేస్తావ్? ఇక్కడే ఉన్నారు వాళ్లు!" గొంతు పిల్లి నడకలా ఉంది.

"నలభై ఒకటికి పిల్ల అడ్డం పడింది. గంటై ముక్కుతోంది. చచ్చిపోయేలా ఉంది."

"ఇంకా సగం కొట్టాలు చూడాలి. ఆ ఆఫీసరు పుల్లపుల్లా కొలుస్తున్నాడు. రెండు గంటలు ఓర్చుకో."

"అది ఓర్చుకోలేదు ఇద్వాల్."

"అయితే పోనీ. ఒక్కటే కదా." పెట్టేశాడు.

పట్నంలో పశువుల ఆసుపత్రి ముప్పావుగంట ప్రయాణం. ముందు ఫోన్ చేద్దామనుకున్నాను. పదకొండున్నరకి లైను దొరికింది. కౌంటర్‌లో అమ్మాయి హుషారుగా మాట్లాడింది.

"డాక్టర్ షోనెడ్ లేరండీ, తనిఖీకెళ్లారు. మీరెక్కడ్నుంచి? ఆ లోయేనా? అయితే మీ అదృష్టం! కుమ్‌దీలోనే ఉన్నారావిడ. మీకు పక్కేగా? ఫోన్ చేసి పంపించమంటారా?"

లోయ మొత్తానికి ఒక్క డాక్టరు. ఆవిడ నాకు అర మైలు దూరంలో ఉంది. నేను వెళ్లకూడని చోటు కూడా లోకంలో అదొక్కటే.

"వద్దు" అని పెట్టేశాను. పేరు చెప్పలేదు.

తర్వాత ఇరవై అయిదు నిమిషాలు నేనేం చేశానంటే, కూర్చున్నాను. దాని తల ఒళ్లో పెట్టుకుని, కొండ కింద కౌన్సిల్ కారు కదులుతుందేమోనని తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను. మిగతా ఇరవై కుక్కల్లో ఒక్కటీ మొరగలేదు. గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నాయి. కారు కదల్లేదు. కాసేపటికి నలభై ఒకటి ముక్కడం మానేసింది. అప్పుడు భయమేసింది.

కోటులో చుట్టి, బండిలో పక్కసీట్లో పడుకోబెట్టి, గేట్లు తీసినవి తీసినట్టే వదిలేసి కొండ దిగాను.

కుమ్‌దీ వాకిట్లో ముగ్గురూ ఉన్నారు. కాగితాల అట్టతో ఆఫీసరు, రబ్బరు బూట్లతో షోనెడ్, చేతిలో టీ కప్పులతో ఇద్వాల్. నన్ను చూసి అతని ముఖం పాలిపోయింది.

షోనెడ్ బండి దగ్గరికొచ్చింది. కోటు తెరిచి పొట్ట మీద చెయ్యి వేసింది. చిగుళ్లు నొక్కి చూసింది. "ఎవరిదీ కుక్క?"

నేను ఇద్వాల్ వైపు చూశాను.

"నాకేం తెలుసు?" అన్నాడు ఇద్వాల్. "నేనెప్పుడూ చూడలేదు దీన్ని. రోడ్డు మీద దొరికిందేమో. ఏం మైనిర్?" అని నావైపు తిరిగాడు.

ఆ గొంతు వినగానే కుక్క కళ్లు తెరిచింది. తల ఎత్తలేకపోయింది. తోక మాత్రం ఆడించింది, ఒక్కసారి, నా కోటు మీద టప్ మని.

ఆఫీసరు అట్ట మీద కాగితం తిరగేశాడు.

షోనెడ్ కుక్క మెడ మీద, యజమాని వివరాలుండే చిప్ వెతికే మిషన్ రెండుసార్లు తిప్పింది. ఏమీ పలకలేదు. మెడలో బిళ్ల మీది అంకె తప్ప, ఈ కుక్క లోకంలో ఉన్నట్టు ఎక్కడా రాతే లేదు. "ఎప్పట్నుంచి ఇలా?" అంది నన్ను.

"పదింటి నుంచి."

"ఇందాక మా ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. ఈ లోయ నుంచి ఎవరో ఫోన్ చేసి, డాక్టరొద్దని పెట్టేశారట. నువ్వేనా?"

"నేనే."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "కాళ్లు పట్టుకో" అంది.

మొదటి పిల్లను ఆ వాకిట్లోనే, బండి సీటు మీదే లాగింది. ఆ పిల్ల చచ్చిపోయి ఉంది. మిగతావాటి కోసం కడుపు కోయాలని కుక్కను తన కారులోకి ఎత్తింది. స్టెతస్కోపు పొట్టకు ఆనించి విని, ఎక్కబోతూ ఆగింది. "రెండో పిల్ల గుండె ఇప్పుడే ఆగినట్టుంది. అరగంట ముందు తెచ్చుంటే దక్కేది." కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఆఫీసరు నా దగ్గరికొచ్చాడు. చిన్నవాడే. గొంతు మెత్తగా ఉంది.

"మీ దగ్గర ఇంకెన్ని ఉన్నాయండీ?"

"ఇరవై."

"ఇదే మొదటిసారా?"

అతని భుజం మీదుగా ఇద్వాల్ నన్నే చూస్తున్నాడు. ఎప్పుడూ ఎవర్నీ ఏదీ బతిమాలని మనిషి, తల కొంచెం అడ్డంగా ఊపాడు. అవును, మొదటిసారే అంటే సరిపోయేది. అతనికి జరిమానాతో పోయేది. నాకు అదీ ఉండకపోవచ్చు.

"నాలుగోసారి" అన్నాను. "ట్రెయిలర్ నాదే. ప్రతిసారీ తోలింది నేనే."

ఇద్వాల్ కప్పులు గోడ మీద పెట్టి లోపలికెళ్లిపోయాడు.

కుక్క బతికింది. నాలుగు పిల్లల్లో ఒక్కటీ దక్కలేదు. కుమ్‌దీ లైసెన్సు రద్దయింది. కుక్కలన్నిటినీ రెండు లారీల్లో తీసుకెళ్లారు. నామీద కేసుంది. నలభై ఒకటిని నేను తెచ్చుకోవచ్చా అని అడిగితే షోనెడ్, "ఆరు వారాలు చూస్తాను. వారానికోసారి వస్తాను. ముందుగా ఉత్తరం రాయను" అంది.

జులైలో ఉన్ని కత్తిరింపు వచ్చింది. ఎనిమిది ఇళ్లకి ఫోన్ చేశాను. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి పెళ్లి, మిగతావాళ్లు ఎత్తలేదు. ఒక్కదాన్నే మొదలుపెడదామని ఆరింటికి వాకిట్లోకొస్తే ఇద్వాల్ బండి ఆగి ఉంది. కత్తెర మిషన్ భుజానేసుకుని దిగాడు.

"నువ్వొస్తావనుకోలేదు" అన్నాను.

"పోయినేడు మా గొర్రెలకి నువ్వొచ్చావు. బదులు ఉండిపోయింది."

"ఇద్వాల్, ఆ రోజు..."

"గొర్రెని పట్టుకో."

కుక్క పరుగెత్తుకుంటూ వచ్చి అతని బూట్ల చుట్టూ తిరిగింది. అతను దాన్ని ముట్టుకోలేదు. కాసేపటికి ముట్టుకున్నాడు. "పేరు పెట్టావా?"

"ఇంకా లేదు."

"పెట్టు" అన్నాడు అటు తిరిగి.

పొద్దు వాలేదాకా వంచిన నడుం ఎత్తలేదు. నేను కాచిన మాంసం పులుసు ముట్టుకోలేదు, తన రొట్టె తన బండిలోనే తిన్నాడు. ఆఖరి గొర్రెను వదిలేసి మిషన్ తుడుచుకున్నాడు. "ఇంక పిలవొద్దు మైనిర్" అని వెళ్లిపోయాడు.

ఉన్ని గోతాలు ఎక్కిద్దామని ట్రెయిలర్ వెనక తలుపు దించాను. గొలుసు చప్పుడుకి కుక్క లేచి వచ్చింది. నేను పిలవలేదు. తనంతట తనే దించిన తలుపు చెక్క ఎక్కి, లోపల చివరి మూలకి వెళ్లి, ముఖం గోడకు పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా పడుకుంది.

గోతం కింద పెట్టి నేనూ ఎక్కాను. ఎంత పిలిచినా అది ఇటు తిరగలేదు.