నాలుగు ఎడమకాళ్లు

చిన్నదొర ఫుల్క్‌కి ఇరవై ఒకటి నిండాయని మధ్యాహ్నంలోగా రుజువు కావాలి. కాకపోతే అతని కోట, పొలాలు, ఓక్ అడవి మరో ఏడాది సర్ డ్రోగో చేతిలోనే ఉంటాయి. తండ్రి పోయిన నాటి నుంచి సంరక్షకుడు ఆయనే. ఏడాది దాకా ఎందుకు, ఆయన నరికిస్తున్న లెక్కన క్రిస్మస్‌కే అడవి మిగలదు. చర్చిలో కూర్చున్న మాకు గొడ్డళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మా దగ్గర పుట్టినరోజులు ఎవరూ రాసిపెట్టరు. బిడ్డ పుట్టగానే ఇచ్చే బాప్తిస్మం నాడు తమకేం జరిగిందో పన్నెండుమంది పెద్దవాళ్లు ప్రమాణం చేసి చెప్పాలి, అంతే. వాళ్లను పోగుచేసింది నేను. పేరు హామో. ఫ్రాన్స్ యుద్ధంలో నాలుగేళ్లు చిన్నదొర వెనక విల్లు పట్టుకుని తిరిగినవాణ్ణి. ఏం చెప్పాలో వాళ్లకు నేర్పిందీ నేనే. పొరపాటు అక్కడే జరిగింది.

రాజుగారి అధికారి ఆస్బర్ట్ గోడకు చేరబడి కూర్చున్నాడు. ఆయన తలపైన గోడ మీద వరద గుర్తు, పక్కనే చెక్కిన రోజు, నెల, సంవత్సరం. మా ఊరికి వరద వచ్చింది ఆ ఒక్కసారే.

ముందుగా బీరు కాచే ఆడమ్ లేచాడు. "బాప్తిస్మం చూసి ఇంటికెళ్తూ గుర్రం మీంచి పడ్డానయ్యా. ఎడమకాలు విరిగింది. అందుకే గుర్తు."

ఇళ్లకు గడ్డి కప్పే సిమ్కిన్‌దీ అదే కథ. మూడోవాడిదీ అంతే. నాలుగోవాడు గొర్రెల కాపరి.

"నీకు గుర్రం ఎక్కడిదోయ్?" అన్నాడు ఆస్బర్ట్.

"అడిగి తెచ్చుకున్నానయ్యా, పడటానికి."

డ్రోగో పగలబడి నవ్వాడు. "ఆ రోజు ఊళ్లో గుర్రాలన్నిటికీ పిచ్చెక్కిందా ఏంటి? కుర్రాడికి ఇరవయ్యే నిండాయండీ. వచ్చే ఏడాది రమ్మనండి."

"నలుగురూ ఇలా నడవండి," అన్నాడు అధికారి.

నలుగురూ శుభ్రంగా నడిచారు. సిమ్కిన్ మాత్రం సగం దూరంలో గుర్తొచ్చి కుంటడం మొదలుపెట్టాడు. కుడికాలు.

అది చూసి మిగతా ఏడుగురూ తమకేం గుర్తులేదన్నారు. ఇక మిగిలింది నేను. చిన్నదొర నా చెవి దగ్గర వంగాడు.

"హామో, ఆ ఫ్రెంచివాళ్లు నెలైనా కోట తలుపు తియ్యలేదు. ఎలా తీయించాం?"

"కింద నిలబడి వాళ్ల నాయకుణ్ణి తిట్టాం దొరా. రోషమొచ్చి వాడే తలుపు తీసి బయటికొచ్చాడు."

"మరింకేం?"

నేను లేచాను. "నేను పడలేదయ్యా. సర్ డ్రోగో పడ్డారు. బాప్తిస్మం పండక్కి బరిసెల పోటీ పెట్టారుగా. మొదటి దెబ్బకే గుర్రం మీంచి వెళ్లి పందుల బురదలో పడ్డారు. ముగ్గురం కాళ్లు పట్టుకుని లాగాం."

డ్రోగో మొహం బీట్‌రూట్ అయింది. "అబద్ధం! నేను బురదలో పడింది మరుసటేడు! వీడి బాప్తిస్మానికి ముగ్గుర్ని పడగొట్టాను. ముగ్గుర్ని!"

"పందుల దొడ్డి పక్కనే కదయ్యా?"

"దొడ్డెక్కడుందిరా గాడిదా? అంతకు వారం ముందేగా వరదకి కొట్టుకుపోయింది! కిందంతా నీళ్లుంటే పై పొలంలో పెట్టాం పోటీ!"

ఆస్బర్ట్ మెల్లగా తల ఎత్తి గోడ మీది వరద గుర్తు చూశాడు. పది వేళ్లూ రెండుసార్లు మడిచి, పైన ఇంకొకటి మడిచాడు.

"ఇరవై ఒకటి," అన్నాడు. "కిందటి వారమే నిండాయి. కోట కుర్రాడిదే."

చిన్నదొర అప్పటికే గుమ్మం దాటి అడవి వైపు పరుగెడుతున్నాడు. కాసేపటికి గొడ్డళ్లు ఆగాయి.

దొంగ ప్రమాణాలకు మా అయిదుగురికీ ఫాదరీ నలభై రోజులు రొట్టె, నీళ్లు శిక్ష వేశాడు. ఆడమ్ మొదటి గుక్కకే ఇదేం రుచి అన్నాడు.

డ్రోగో మాత్రం అధికారి బల్ల వదల్లేదు. కోట పోయిన సంగతే పట్టలేదు ఆయనకు.

"ముగ్గుర్ని అని రాశారా?"

"రాశానండీ."

"మూడోవాడు నాకంటే జానెడు పొడుగు. అది కూడా రాయండి."